కన్ను లేని కొయ్య

గాలి స్తంభించిపోయి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకునే ఓపిక కూడా ఆ పడవల్లో ఎవరికీ మిగల్లేదు.

మలయు నది సముద్రంలో కలిసే చోట, ఇసుకమేటకు అవతల మూడు పడవలు నిలిచి ఉన్నాయి. పేరుకు పడవలే గాని ఒక్కొక్కటీ ఒక ఊరంత. ఎక్కడా ఇనుప మేకు అన్నది లేకుండా పలకలన్నీ పీచుతాళ్లతో కుట్టి, బోల్తా పడకుండా రెండు పక్కలా తేలుడు దుంగలు కట్టిన పడవలవి. వాటిలో ముసలివాళ్లూ, బాలింతలూ, కోళ్లూ, వరి విత్తనం మూటలూ. ఎదురుగా పచ్చటి ఒడ్డు. ఆ ఒడ్డున నది. ఆ నదిలో తియ్యటి నీరు. ఇక్కడ పడవలోనేమో గుక్కెడు మంచినీళ్లకు కరువు. ఇంతకంటే క్రూరమైన వేళాకోళం ఏ దేవుడూ ఆడి ఉండడు.

అగ్నికొండ బద్దలై సొంత దీవి సముద్రంలో కలిసిపోయిన నాటి నుంచి యువరాజు తరంగకేతుడు తన వాళ్లను దక్షిణానికి నడిపించుకొస్తున్నాడు. దారిలో ఒక దీవిలో దిగితే జ్వరాలు తరిమాయి. ఇంకో దీవిలో మనుషుల్ని తినేవాళ్లు తరిమారు. చివరికి మిగిలిన ఆశ ఈ మలయు నది. ఎన్నో తరాల కిందట తమ వంశంలోనే పెద్దవాడి కొమ్మ ఇక్కడ స్థిరపడిందని తాతలు చెప్పేవారు.

ఆ ఓడజనానికి ఒక కట్టుబాటు ఉంది. అన్నదమ్ములు విడిపోతే నేల పెద్దవాడికి, పడవ చిన్నవాడికి. చిన్నవాడు మారుమాటాడకుండా కొత్త ఒడ్డు వెతుక్కుంటూ పోవాలి. విడిపోయే ముందు పాత పడవ అడుగున నిడివిగా ఉండే వెన్నుకొయ్యను రెండుగా కోస్తారు. కన్ను చెక్కిన ముక్కు వైపు ముక్క పెద్దవాడిది, కన్ను లేని తోక ముక్క చిన్నవాడిది. మళ్లీ ఎన్ని తరాలకు ఎక్కడ కలుసుకున్నా కొయ్యలు చూపించుకోవాలి. కన్నున్నవాడు ఉంటాడు, లేనివాడు వెళ్లిపోతాడు.

ముందురోజు నదీముఖాన్ని ఏలే శాలివర్ధన మహారాజు దూత చిన్న దోనెలో వచ్చాడు. "రేపు మధ్యాహ్నం సభకు రండి. మీ కొయ్యకు కన్నుంటే మా రాజుగారు ఊరు ఖాళీ చేస్తారు. లేకపోతే మీ దారిన మీరు పోవాలి. అంతవరకూ నదిలో చెయ్యి పెట్టినవాడి చెయ్యి ఉండదు" అని చెప్పి, అందరూ చూస్తుండగా ఒక లేత కొబ్బరిబోండం తాగి, డొల్ల నీళ్లలో పారేసి వెళ్లిపోయాడు. ఒక పసివాడు ఆ డొల్ల కోసం సముద్రంలో దూకబోతే తల్లి జుట్టు పట్టుకుని ఆపింది.

"అమ్మా, మన కొయ్యకు కన్ను లేదు" అన్నాడు తరంగకేతుడు తెల్లవారుతుండగా.

అతని తల్లి వేలాంబ పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. తన వంతు నీళ్లన్నీ బాలింతలకు పోసేస్తోందని అందరికీ తెలుసు. ఆమెకు వద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. "నాకు తెలియదా నాయనా? సభలో ఏం చెబుతావు మరి?" అంది.

"రాజు కాళ్లయినా పట్టుకుంటాను. ముందు నీళ్ల సంగతి చూసి వస్తా."

చుక్కాని పట్టే గుండణ్ణి వెంటబెట్టుకుని అతడు చప్పుడు చేయకుండా నీళ్లలోకి జారాడు. గుండడు ఈతలో చేప, మిగతా పనులన్నింటిలో ఎద్దు.

మడ అడవి వేళ్ల మధ్య నుంచి ఈదుకుంటూ వాళ్లు నది మలుపు తిరిగేసరికి ఎండ పొడిచింది. ఆహా, ఏం చెప్పమంటారు ఆ నది అందం! ఒడ్డు ఇసుకలో బంగారు రజను మిలమిలలాడుతోంది. మొగలిపొదలు నీళ్ల మీదికి వంగి ఘుమఘుమలాడుతున్నాయి. కర్పూరపు చెట్లు మేఘాల్ని తాకుతున్నాయి. కొమ్ముముక్కు పక్షులు జతలు జతలుగా ఎగురుతుంటే వాటి రెక్కల చప్పుడే పెద్ద మృదంగ వాద్యంలా ఉంది. గుండడికి మాత్రం ఇవేవీ కనబడలేదు. నదిలో తల ముంచి ఎద్దులాగే తాగాడు.

ఇద్దరూ ఒంటికి బురద పూసుకుని, నడుముకు ఆకులు చుట్టుకుని అడవిజనం వేషం వేశారు. లావుపాటి వెదురుబొంగులు నరికి వాటి నిండా నీళ్లు పట్టి కావడి కట్టారు. తరంగకేతుడు కావడి భుజాన వేసుకున్నాడు. గుండడు రేవు దాటబోతూ ఒక దుంగ మీద కాలు పెట్టాడు. ఆ దుంగ కళ్లు తెరిచింది.

"దొరా! మొసలి!"

మొసలి నోరు తెరిస్తే గుండడు నిలువునా పట్టేటట్టున్నాడు. తరంగకేతుడు ఒక్క గెంతున మీదికి దూకి కావడిబద్ద తీసి దాని దవడల మధ్య నిలువుగా గుచ్చాడు. మొసలి గిలగిల కొట్టుకుంది, తోకతో నదిని చిలికింది. దాని దెబ్బకు వెదురుబొంగులన్నీ పగిలి పట్టిన నీళ్లు నదిలోనే కలిసిపోయాయి. ఇద్దరూ ఒకరినొకరు ఈడ్చుకుంటూ ఒడ్డెక్కి పడ్డారు.

ఒడ్డున ఒక ముసలమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. పొట్టిగా, నల్లగా, ఉంగరాల జుట్టుతో ఉంది. నుదుటికి తగిలించుకున్న పట్టీ నుంచి వీపు మీదికి పెద్ద బుట్ట వేలాడుతోంది. బుట్ట నిండా గుగ్గిలం.

"ఏ అడవివాళ్లురా మీరు? కావడి మోసే అడవి మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఈ పొదల్లో కావడి పట్టుకుని నాలుగడుగులు వేయగలరా? బరువు నుదుటితో మోస్తాం నాయనా మేము. ఓడవాళ్లకు ఎక్కడికి పోయినా తెడ్డులాంటిది ఒకటి భుజం మీద లేకపోతే తోచదు కాబోలు!"

తరంగకేతుడికి దాచాలనిపించలేదు. అంతా చెప్పేశాడు. ఆమె పేరు బూదవ్వ. కొండమీది అడవిజనానికి పెద్ద దిక్కు. పడవల పలకల సందులు పూడ్చడానికి గుగ్గిలం తెచ్చి రాజుగారి ఇంట ఊరికే పోసి వెళ్లాలట. పైగా చూరు కింద కూర్చోకూడదట.

"మా అవ్వల కాలంలో ఈ ఒడ్డంతా మాదే. వీళ్ల తాతలు పడవలు దిగినప్పుడు మమ్మల్ని అడిగినవాడు లేడు. మేం కొండెక్కాం" అంది బూదవ్వ.

ఆ మాట తరంగకేతుడి చెవిన పడింది గాని మనసుకు పట్టలేదు. దాహంతో ఉన్నవాళ్ల కొడుకు మరి. "అవ్వా, మా ఇద్దర్నీ నీ కూలివాళ్లుగా తీసుకుపో. సభకు ముందే రాజును ఒంటరిగా చూసి బతిమాలుకుంటాను" అన్నాడు.

"బుట్ట తగిలించుకో. మెడ విరిగితే నన్ననకు."

ఊరిని కవులు విలోమనౌకాపురమని వర్ణిస్తారు గాని జనం బోర్లపడవలు అనే అంటారు. జనం చెప్పిందే నిజం. ప్రతి ఇంటి పైకప్పూ ఒక బోర్లించిన పడవే! ఏ పడవలో వచ్చారో ఆ పడవనే తిరగేసి స్తంభాల మీద నిలబెట్టి దాని కింద కాపురం పెట్టారు. పడవ బోర్లించాక ఇక ప్రయాణం లేదని వాళ్ల లెక్క. రాజుగారి ఇల్లు అన్నిటికంటే పెద్ద పడవ. ముత్యాల తోరణాలు, తాబేటి చిప్పల తలుపులు, ద్వారానికి ఇరుపక్కలా ఏనుగు దంతాలు. చూస్తే కళ్లు చెదురుతాయి.

ముంగిట ఒక నల్లటి స్తంభం. దానికి వేలాడే తాళ్లకు లావు లావు ముడులు. ప్రతి ముడిలోనూ ఎలుక ఇరుక్కున్నట్టు ఏదో కదులుతోంది. స్తంభం పక్కన పులితోలు మీద ఒకడు కూర్చున్నాడు. వాడి గడ్డం కూడా ముడులు ముడులే. వాడే చండవాతుడనే మాంత్రికుడు. సముద్రపు గాలులన్నిటినీ ఆ ముడుల్లో బంధించిన వాడు. ఇసుకమేట దగ్గర పడవలు ముందుకు రాలేక వెనక్కి పోలేక ఎందుకు ఎండుతున్నాయో తరంగకేతుడికి అప్పుడు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. మెడ మీద బరువు లేకపోతే అక్కడే వాడి గొంతు పట్టుకుని ఉండేవాడు.

బూదవ్వ వాకిట్లోనే ఆగి ఇద్దర్నీ లోపలికి పంపింది. పూజగదిలో ఎత్తయిన పీఠం మీద ఎర్రపట్టు చుట్టిన వంశపు కొయ్య ఉంది. దాని పాదం దగ్గరే గుగ్గిలం కుమ్మరించాలి. గుండడు యువరాజు వీపు మీది బుట్ట దించుతుంటే గుగ్గిలం పొడి ముక్కులోకి పోయింది. పాపం, వాడు ఆపుకోవాలనే చూశాడు. ఇల్లదిరేలా తుమ్మి, ముందుకు తూలి, చేతికి దొరికింది పట్టుకున్నాడు. దొరికింది పట్టువస్త్రం.

వస్త్రం జారిపోయింది. కొయ్య బయటపడింది.

తరంగకేతుడు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. చేత్తో తడిమాడు. కన్ను లేదు. చెక్కి చెరిపేసిన గుర్తూ లేదు. అది ముక్కు వైపు కొయ్య కానే కాదు, తన పడవలో ఉన్నటువంటి తోక ముక్కే!

"ఎవరు ముట్టుకున్నది?"

గుమ్మంలో శాలివర్ధనుడు. వయసు మళ్లిన మనిషి, నిద్ర ఎరగని కళ్లు. కోపంగా అరిచాడు గాని కొయ్య మీది పట్టు లేకపోవడం చూసి అతడి ముఖం పాలిపోయింది. వెనకే వచ్చిన చండవాతుడు మాత్రం మెత్తగా అన్నాడు: "తలుపులు మూయించండి ప్రభూ. చూసిన కళ్లు మూతపడితే సరిపోతుంది."

భటులు విరుచుకుపడ్డారు. తరంగకేతుడు బుట్ట తీసి మొదటివాడి ముఖాన కొట్టాడు. గుగ్గిలం పొడి పొగలా లేచింది. గదంతా తుమ్ములే. గుండడు మెట్టులా వంగితే వాడి వీపు మీద కాలు పెట్టి, కొయ్యను భుజానికెత్తుకుని, యువరాజు కిటికీలోంచి పక్కింటి కప్పు మీదికి దూకాడు. పడవ అడుగులు నున్నగా ఉంటాయి కదా, జారుతూ, లేస్తూ, కప్పు మీంచి కప్పు మీదికి గెంతుతూ పరుగు. బాణాలు చెవుల పక్కనుంచి రయ్యిమని పోతున్నాయి. ఒకటి కొయ్యలోనే దిగబడింది. కింద ఆడవాళ్లు కెవ్వుమంటున్నారు. సభకు శంఖం ఊదుతున్నారు. ఆ శంఖం వినిపించిన వైపే అతడు దూకాడు.

ఊరంతా చేరిన సభామైదానం మధ్యలో, కాళ్లు చేతులు గీరుకుపోయిన ఒక బురదమనిషి పైనుంచి ఊడిపడ్డాడు. కొయ్యను నేలమీద పెట్టి రొప్పుతూ నిలబడ్డాడు.

"నేను తరంగకేతుణ్ణి. ఇసుకమేట దగ్గరున్న పడవలు మావి. మా కొయ్యకు కన్ను లేదు. నిజం చెబుతున్నాను. ఇది మీ రాజుగారి కొయ్య. మీరే చూడండి. దీనికీ లేదు!"

ముందు ఎవరూ నమ్మలేదు. ఊరి పెద్ద ఒకాయన వచ్చి వంగి కొయ్యను తడిమాడు. మళ్లీ తడిమాడు. లేచి నిలబడి తన ఇంటి కప్పు వైపు చూశాడు. ఒక్కరొక్కరుగా అందరూ తమ తమ కప్పుల వైపే చూశారు.

"అయితే మనమూ పోవలసిన వాళ్లమేనా?" అని ఒక ఇల్లాలు చంకలో బిడ్డను గట్టిగా పట్టుకుంది.

అప్పటికి శాలివర్ధనుడు వచ్చాడు. భటులు అతడి కనుసైగ కోసం చూస్తున్నారు. అతడు చెయ్యెత్తలేదు. "నాన్నగారు పోయే ముందు నా చెవిలో చెప్పారు" అన్నాడు. "అప్పటి నుంచి ఏ పడవ కనిపించినా దాంట్లో కన్నున్న కొయ్య ఉందేమోనని భయం. అందుకే గాలి కట్టించాను. ఇసుకమేట దాకా వచ్చినవాళ్లు అక్కడే..." చెప్పనక్కరా? ఆ ఊరి పిల్లలు ఇసుకమేట మీద పుర్రెలు ఏరుకుని ఆడుకునేవారు. అవి ఎవరివో ఎవరూ అడగలేదు.

తరంగకేతుడికి కత్తి దూయాలన్నంత కసి వచ్చింది. కళ్లలో నీళ్లూ వచ్చాయి. రాజును తిట్టబోయి ఆగాడు. మైదానం అంచున, ఎండలో, చూరు నీడన కూర్చోకూడదు కాబట్టి నిలబడే ఉన్న అడవిజనం కనిపించారు. వాళ్ల ముందు బూదవ్వ. నది ఒడ్డున ఆమె చెప్పింది ఇప్పుడు మనసుకు పట్టింది, అదీ సిగ్గు పుట్టేలా.

కొయ్యను మోసుకెళ్లి ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

"ఈ నేల మీద మా ఇద్దరిలో పెద్ద ఎవరూ లేరవ్వా. ఇద్దరం చిన్నవాళ్లమే. మాకంటే ముందున్నది మీరు. మా కట్టుబాటు ప్రకారం పెద్ద మీరే. పొమ్మంటే పోతాం. గుక్కెడు నీళ్లు తాగి పోతాం."

"ఇప్పుడు గుర్తొచ్చామా?" అంది బూదవ్వ. ఈసారి ఆమె ముఖంలో నవ్వు లేదు.

"ఆలస్యంగానే అడుగుతున్నాను."

శాలివర్ధనుడు వచ్చి కిరీటం తీసి అతడి పక్కనే నేలమీద కూర్చున్నాడు. రాజు కింద కూర్చోవడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. బూదవ్వ తన వాళ్ల వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అంది. ఒకడు కోపంగా అరిచాడు. ఒకామె ఏడ్చింది. చివరికి ముసలమ్మ ఇటు తిరిగింది.

"మావాళ్లు మళ్లీ ఒడ్డుకు దిగుతారు. చూరు కిందే కూర్చుంటారు. ఊరికే గుగ్గిలం మోయరు. దీనికి ఒప్పుకుంటే మీరంతా ఉండండి. ఆ పడవల్లో వాళ్లను కూడా దిగమనండి. నది ఎవడబ్బ సొమ్ము?"

మైదానం హోరెత్తింది. రాజు తల ఊపి ఏడ్చేశాడు. తరంగకేతుడు భటుల చేతుల్లోంచి తప్పించుకొచ్చిన గుండణ్ణి పట్టుకుని గిరగిర తిప్పాడు.

అందరూ మరిచిపోయిన వాడు ఒకడున్నాడు. భయపడే రాజు లేకపోతే మాంత్రికుడికి కూడు ఎక్కడిది? చండవాతుడు నల్ల స్తంభం దగ్గరికి నడిచి వెళ్లి గొడ్డలి అందుకున్నాడు. "గాలి నాది! ఇక మీరూ మీ పెద్దరికమూ!" అంటూ తాళ్లన్నిటినీ ఒక్కసారిగా నరికేశాడు.

బంధించిన గాలులన్నీ ఒక్కపెట్టున లేచాయి. స్తంభం వేళ్లతో సహా ఊడింది, దానితోపాటే చండవాతుడు గాలిపటంలా అడవి మీదుగా కొట్టుకుపోయాడు. ఊళ్లో తలుపులు, చెట్లు, మంచెలు లేచిపోతున్నాయి. తరంగకేతుడు సముద్రం వైపు పరుగెత్తాడు. రెండు పడవలు ఇసుకమేట ఎక్కేశాయి. జనం నడుముల లోతు నీళ్లలో పిల్లల్ని ఎత్తుకుని ఒడ్డుకు వస్తున్నారు. మూడో పడవ లంగరు తెగిపోయింది. అది తల్లి ఉన్న పడవ. సుడి తిరిగిన గాలి దాన్ని బయటి సముద్రంలోకి నెట్టుకుపోతోంది.

"అమ్మా!" అన్న కేక అతడి నోట్లోంచి బయటికి రాకముందే గాలి మింగేసింది.

దోనెలన్నీ ముక్కలయ్యాయి. ఊళ్లో నీటిమీద తేలగలిగేది ఒక్కటీ లేదు. అప్పుడు శాలివర్ధనుడు తన ఇంటి మీదికి ఎక్కాడు. ముసలి ప్రాణం, గాలికి ఊగిపోతున్నాడు. కత్తి తీసి కప్పు కట్లు కోయడం మొదలుపెట్టాడు. "పట్టండి! కిందికి దించండి!" అని అరుస్తుంటే కొడుకులు, భటులు, అడవిజనం కూడా వచ్చి భుజాలు పట్టారు. తరతరాలుగా బోర్లా ఉన్న పడవ వెల్లకిలా తిరిగింది. పీచుకట్లు ఎండిపోయి ఉన్నాయి. అడవి ఆడవాళ్లు గుగ్గిలం కరిగించి చేతులు కాలుతున్నా సందుల్లో పూశారు. రాజుగారి ఇల్లు ఇప్పుడు నాలుగు స్తంభాలు, పైన ఆకాశం.

ఇసుకమేట ఎక్కిన పడవ నుంచి కొయ్యతో సహా తెరచాపా, చుక్కానీ తెచ్చి బిగించారు. తరంగకేతుడు చుక్కాని పట్టాడు. గుండడు తెరచాప ఎత్తుతున్నాడు. ఇంతలో పడవ ఒక పక్కకు ఒరిగింది. చూస్తే బూదవ్వ చీర చెంగు బిగించుకుని లోపలికి ఎక్కుతోంది. కొండ దిగి ఒడ్డుకు రావడమే గాని ఆమె సముద్రం మీద కాలు పెట్టి ఎరగదు.

"ఎక్కడికవ్వా? ఇది మునగొచ్చు!"

"వాళ్లను దిగమన్నాను కదా. దిగకుండానే పోతే నా మాట ఏమైనట్టు?" అంది ఆమె, గుండడి జుట్టు గట్టిగా పట్టుకుని. "పెద్దవాళ్లు ఇంట్లో కూర్చుంటారనేది మీ ఆచారం. మాది కాదు. నడుపు!"

పడవ ఇసుకమేట దాటింది. మొదటి అల దాన్ని ఆకాశానికెత్తి కిందికి విసిరింది. గుగ్గిలం పూసిన సందుల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. మడమల దాకా వచ్చాయి, పిక్కల దాకా వచ్చాయి. గుండడు దేవుళ్లందర్నీ పేరుపేరునా పిలుస్తూ తోడిపోస్తున్నాడు. కనుచూపు మేర ఇంకో తెరచాప లేదు, మనిషి లేడు, నల్లటి నీటి గోడలు తప్ప ఏమీ లేదు. తరంగకేతుడి గుండె చెరువైపోయింది.

"మీ అమ్మ పేరేమిటి నాయనా?" అని అడిగింది బూదవ్వ.

"వేలాంబ."

ముసలమ్మ తెరచాప కొయ్యను రెండు చేతులా వాటేసుకుని లేచి నిలబడింది. ఎన్నడూ చూడని మనిషిని, పొలం గట్టున నిలబడి తోబుట్టువును అన్నానికి కేకేసినట్టు పిలిచింది.

"వేలాంబా! చోటుందే, వచ్చెయ్!"

గాలి ఆ కేకను ఎత్తుకుపోయింది. ఆమె ఊపిరి కూడదీసుకుని మళ్లీ పిలిచింది.